జయాన్ కాన్యన్‌లో ఏ నడక ఎవరికి, ఏ పూట

వేగాస్ ట్రిప్ ఖాయం కాగానే వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది. ఒకరు గ్రాండ్ కాన్యన్ అంటారు, ఇంకొకరు యాంటిలోప్ అంటారు, ఎవరో ఒకరు జయాన్‌లోని ఏంజెల్స్ ల్యాండింగ్ అనే సన్నని రాతి అంచు ఫొటో పెడతారు. ఇంట్లో చూస్తే అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉన్నారు, నాలుగేళ్ళ పిల్ల ఉంది, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి. ఇంతమందికీ కుదిరే నడక ఏదని అడిగితే మాత్రం గ్రూపంతా సైలెంట్.

యూటాలోని జయాన్ నేషనల్ పార్క్‌లో ఏ దారి ఎవరికి సరిపోతుందో, ఏ పూట బాగుంటుందో ఇక్కడ చెప్తాను. నా లెక్క ముందే చెప్పేస్తున్నా: మైళ్ళ కన్నా ముందు ఎండని చూసుకోండి. ఎడారి లోయలో ఒకే మైలు పొద్దున ఏడింటికి షికారు, మధ్యాహ్నం రెండింటికి శిక్ష.

వేగాస్ చుట్టూ ఇన్ని ఉండగా జయానే ఎందుకు

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో మనం అంచు మీద నిలబడి కిందికి చూస్తాం. గండికోటలో పెన్నా లోయని కోట పక్కనుంచి చూసినవాళ్ళకి ఆ పద్ధతి తెలిసిందే, కొలతే వేరు. అంచు వెంబడి రిమ్ ట్రెయిల్ హాయిగా ఉంటుంది, చాలాభాగం చదును. లోపలికి దిగాలనుకుంటేనే చిక్కు. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు సులువైన పని, ఓపిక అయిపోయాక కష్టమైన పని. అక్కడ చాలామంది ఇబ్బంది పడేది అందుకే.

జయాన్‌లో వ్యవహారం తలకిందులు. బస్సే లోయ అడుగుకి తీసుకెళ్ళి దించుతుంది. పక్కనే వర్జిన్ నది, రెండువైపులా రెండు వేల అడుగుల ఇసుకరాయి గోడలు. తలెత్తి చూడటమే మన పని. చదునైన దారులు లోయ లోపలే ఉండటం వల్ల పెద్దవాళ్ళు కూడా కాన్యన్ లోపల నడిచామని చెప్పుకోవచ్చు. ఈ ఒక్క కారణానికే మూడు తరాలు కలిసి వెళ్ళేటప్పుడు నేను జయాన్‌కి ఓటేస్తాను.

అక్కణ్ణుంచి రెండు గంటల దూరంలో ఉన్న బ్రైస్ కాన్యన్ ఎనిమిది వేల అడుగుల పైన ఉంటుంది. వేసవిలో జయాన్ మాడిపోతుంటే అక్కడ గాలి చల్లగా ఉంటుంది. క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ కలిపి మూడు మైళ్ళ నడక చాలా అందమైనది, కానీ ఆరు వందల అడుగులు దిగి మళ్ళీ ఎక్కాలి, పైగా ఆ ఎత్తులో ఆయాసం త్వరగా వస్తుంది. ఆస్తమా, గుండె సమస్యలు ఉన్నవాళ్ళకి సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా ఉన్న అర మైలు చదును దారి చాలు. యాంటిలోప్ కాన్యన్ నవాహోల భూమి, గైడు లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. దాన్ని టూరు అనుకుని వెళ్తే బాగుంటుంది, నడక అనుకుని వెళ్తే నిరాశే. ఇక చేతిలో పూట మాత్రమే ఉంటే వేగాస్ స్ట్రిప్ నుంచి 17 మైళ్ళలో ఉన్న రెడ్ రాక్ కాన్యన్ చూసుకోండి. అక్టోబరు నుంచి మే దాకా దాని సీనిక్ డ్రైవ్‌కి ముందే టైము బుక్ చేసుకోవాలి.

బస్సు సంగతి తేల్చుకోకుండా ప్లాన్ వేయకండి

మార్చి నుంచి నవంబరు దాకా, డిసెంబరు చివరి సెలవుల్లో కూడా, లోయ లోపలి రోడ్డు మీదికి సందర్శకుల కార్లని రానివ్వరు. 2000లో మొదలైన పద్ధతి ఇది. ఉచిత షటిల్ ఎక్కాలి. విజిటర్ సెంటర్ మొదటి స్టాప్, టెంపుల్ ఆఫ్ సినావావా తొమ్మిదోది, చివరిది. ఆ చివరిదాకా దాదాపు ముప్పావుగంట. అంటే నడక ఎంచుకోవడం అంటే స్టాప్ ఎంచుకోవడమే. ఒక దారి ఒకటో స్టాప్‌లో, ఇంకోటి తొమ్మిదో స్టాప్‌లో పెట్టుకుంటే మధ్యలో బస్సులకే గంటన్నర పోతుంది.

విజిటర్ సెంటర్ పార్కింగ్ సీజన్‌లో పొద్దున్నే నిండిపోతుంది. ఎనిమిది దాటాక అక్కడ చోటు కోసం తిరగడం కన్నా బయట స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో డబ్బులిచ్చి పెట్టుకుని, ఊరి షటిల్‌లో రావడం మేలు. ఊరి బస్సు దిగి చిన్న వంతెన దాటితే పార్క్ గేటే.

ఇంకో చిన్న విషయం, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. వేగాస్ నుంచి జయాన్ సుమారు 160 మైళ్ళు, రెండున్నర నుంచి మూడు గంటల డ్రైవ్. కానీ యూటా టైము నెవాడా కన్నా గంట ముందు. ఆరింటికి బయల్దేరి మూడు గంటలు నడిపితే తొమ్మిదికి చేరతామనుకుంటారు, అక్కడ గడియారం పది చూపిస్తుంది. వేసవిలో అరిజోనా వైపు నుంచి వచ్చినా ఇదే గొడవ, ఎందుకంటే అరిజోనాలో గడియారాలు ముందుకి తిప్పరు. వేగాస్ నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావడం సాధ్యమే, కానీ పిల్లలతో, పెద్దవాళ్ళతో వద్దంటాను. స్ప్రింగ్‌డేల్‌లో గదుల రేట్లు ఎక్కువనిపిస్తే హరికేన్‌లోనో సెయింట్ జార్జ్‌లోనో ఒక రాత్రి ఉండండి.

చదునైన రెండు దారులు: రివర్‌సైడ్ వాక్, పరూస్

మూడు తరాలకి అసలు పోటీ ఈ రెండింటి మధ్యే.

రివర్‌సైడ్ వాక్ చివరి స్టాప్ దగ్గర మొదలవుతుంది. రానూపోనూ 2.2 మైళ్ళు, మొత్తం ఎక్కుడు 57 అడుగులు. సిమెంటు దారి. మొదటి 0.4 మైలు దాకా వీల్‌చెయిర్ ఇబ్బంది లేకుండా వెళ్తుంది, ఆ తర్వాత వెనక నుంచి తోసేవాళ్ళు కావాలి. స్ట్రోలర్‌తో చివరిదాకా వెళ్ళేవాళ్ళు బోలెడుమంది కనిపిస్తారు. ఇక్కడ లోయ ఇరుకు, గోడలు నిటారు, పైగా దారంతా చెట్లు. అందుకే రోజులో చాలాసేపు నీడ దొరుకుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం లోయలో ఎక్కడైనా నడవాలంటే ఇక్కడే.

ఈ దారిలో తొందరపడకండి. కుడిచేతి వైపు గోడని దగ్గరగా చూడండి. మట్టికుండకి చెమట పట్టినట్టు రాయంతా చెమ్మ. ఆ చెమ్మలోంచి సన్నని కాడల ఫెర్న్ మొక్కలు తలకిందులుగా వేలాడుతుంటాయి. బయట అంతా ఎడారి, ఇక్కడ గోడకే తోట. కారణం రాళ్ళ వరసలో ఉంది. పైనున్న ఎర్రటి నవాహో ఇసుకరాయి ఒకప్పుడు, సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందట, ఇసుక దిబ్బలు. గాలి పేర్చిన ఏటవాలు గీతలు ఇప్పటికీ గోడల మీద కనిపిస్తాయి. ఆ రాయి నీళ్ళు పీల్చుకుంటుంది. దాని కింద ఉన్న కయెంటా పొర అంత తేలిగ్గా నీళ్ళని దిగనివ్వదు. దాంతో పైన పడ్డ వాన, కరిగిన మంచు లోపలే మెల్లగా దిగి, దిగే దారి లేక పక్కకి తిరిగి గోడలోంచి ఊరతాయి. ఇదే లోయలోని వీపింగ్ రాక్ దగ్గర బొట్టుబొట్టుగా పడే నీరు రాతి లోపల ప్రయాణించడానికి వెయ్యేళ్ళకి పైనే పట్టిందని పార్క్ వాళ్ళు చెప్తారు. మన కాకతీయుల కన్నా ముందు కురిసిన వాన అన్నమాట. ఇలాంటి తడిగోడల మీదే గుండుసూది తలంత నత్త ఒకటి బతుకుతుంది. ప్రపంచంలో జయాన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. కంటికి ఆనడం కష్టమే గానీ పిల్లలకి చెప్తే ఆ గోడని వదలరు.

ఇదే దారిలో బాగా బలిసిన ఉడతలు కాళ్ళ మధ్యకి వచ్చేస్తాయి. మన రాముడి ఉడతలా వీపు మీద చారలు వెతక్కండి, మర్యాద కూడా వెతక్కండి. తిండి పెట్టడం నేరం, జరిమానా వేస్తారు. అవి కరుస్తాయి కూడా. పిల్ల చేతిలో బిస్కట్ ఉంటే ముందు దాన్ని సంచిలో పెట్టించండి.

పరూస్ దారి లెక్క వేరు. విజిటర్ సెంటర్ దగ్గర మొదలై నది వెంబడి కాన్యన్ జంక్షన్ దాకా వెళ్తుంది, ఒకవైపు 1.75 మైళ్ళు. ఎక్కుడు 50 అడుగులు, వెడల్పాటి సిమెంటు దారి, వీల్‌చెయిర్‌కి రివర్‌సైడ్ కన్నా ఇదే నయం. సైకిళ్ళు, గొలుసు వేసిన కుక్కలు వెళ్ళగలిగే ట్రెయిల్ పార్క్‌లో ఇదొక్కటే. ఇక్కడ లోయ వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆకాశం ఎక్కువ, నీడ తక్కువ. జూలైలో పన్నెండింటికి ఈ దారిలో నడిచేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. సాయంత్రం ఆరు దాటాక మాత్రం దీనికి సాటి లేదు. పడమటి ఎండ వాచ్‌మన్ శిఖరం మీద పడి రాయి ఎర్రగా వెలుగుతుంది, మ్యూల్ జింకలు మేతకి దిగుతాయి.

ఈ దారి పక్కన పెద్ద తెల్లటి గరాటా పువ్వులు కనిపిస్తే అమ్మానాన్నల్ని అడగండి, చప్పున గుర్తుపడతారు. మన ఉమ్మెత్త జాతిదే. వెచ్చని నెలల్లో సాయంత్రం విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. విషం కూడా అదే రకం, పిల్లల చేతులు పడనివ్వకండి. నాగజెముడు చుట్టాలు కూడా అక్కడక్కడా ఉంటాయి.

పరూస్‌ని రెండువైపులా నడవాల్సిన పనిలేదు. బస్సులో మూడో స్టాప్, కాన్యన్ జంక్షన్ దాకా వెళ్ళి దిగి, అక్కణ్ణుంచి నది దిగువకి నడుచుకుంటూ రండి. వాచ్‌మన్ ఎదురుగా ఉంటుంది, కారు దగ్గరికే చేరతారు. మధ్యలో ఎవరికైనా మోకాలు పట్టేస్తే మ్యూజియం దగ్గర రెండో స్టాప్ ఉంది, బస్సెక్కించేయొచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఇంత వెసులుబాటు ఉన్న దారి లోయలో మరొకటి లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే? పగటిపూట అయితే రివర్‌సైడ్, సాయంత్రం అయితే పరూస్. ఒక రాత్రి ఉండేవాళ్ళకి రెండూ.

కాస్త ఎక్కగలిగేవాళ్ళకి

ఎమరాల్డ్ పూల్స్ పేరు చూసి ఆశపడేవాళ్ళు ఎక్కువ. జయాన్ లాడ్జ్ స్టాప్ ఎదురుగా వంతెన దాటి వెళ్ళే దిగువ కొలను దారి రానూపోనూ 1.2 మైళ్ళు, ఎక్కుడు డెబ్భై అడుగుల లోపే. కొండ చూరు కింద దారి సాగుతుంది, నీళ్ళు పైనుంచి మన ముందు పడుతుంటాయి. మంచు కరిగే ఏప్రిల్‌లోనో, పెద్ద వాన కురిసిన మర్నాడో చూస్తే పేరుకి న్యాయం జరుగుతుంది. సెప్టెంబరు చివర్లో వెళ్తే నాలుగు ధారలు, ఓ మడుగు. కొలనుల్లో దిగడం, ఈదడం నిషేధం. పై కొలను దాకా వెళ్ళాలంటే రాళ్ళ మెట్లు, ఇసుక, కొంత ఆయాసం. దిగువ కొలను లోయకి పడమటి వైపు ఉంది, సూర్యుడు ఆ గోడ వెనక్కి వాలాక సాయంత్రం పూట నీడ వస్తుంది. వెళ్తే అప్పుడు వెళ్ళండి. లాడ్జ్ ముందు పచ్చిక, దాని మీద పెద్ద కాటన్‌వుడ్ చెట్టు ఉన్నాయి. పులిహోర డబ్బా తెరవడానికి లోయలో అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. లోయ లోపల వండిన తిండి దొరికేది కూడా ఆ లాడ్జ్‌లోనే.

వాచ్‌మన్ ట్రెయిల్‌కి జనం తక్కువ, నాకు ఇష్టం ఎక్కువ. విజిటర్ సెంటర్ దగ్గరే మొదలవుతుంది, బస్సుతో పనిలేదు. 3.3 మైళ్ళు, 368 అడుగుల ఎక్కుడు, రెండు గంటలు. వాచ్‌మన్ శిఖరం పైకి వెళ్ళదు, దాని కింద చిన్న తిన్నె మీదికి చేరుస్తుంది. అక్కణ్ణుంచి స్ప్రింగ్‌డేల్ ఊరు, దిగువ లోయ మొత్తం కనిపిస్తాయి. ఈ వాలు పడమటికి తిరిగి ఉంది. అందువల్ల పొద్దున సూర్యుడు గోడ వెనకే ఉంటాడు, దారంతా నీడ. మధ్యాహ్నం అదే దారి పెనం. పదేళ్ళు దాటిన పిల్లలకి, రోజూ వాకింగ్ అలవాటున్న నాన్నలకి ఇది సరిగ్గా సరిపోతుంది. పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిది లోపు కిందికి వచ్చేయాలి.

కాన్యన్ ఓవర్‌లుక్ లోయలో లేదు. జయాన్–మౌంట్ కార్మెల్ సొరంగానికి తూర్పు చివర ఉంది, అక్కడికి షటిల్ వెళ్ళదు, సొంత కారు కావాలి. 1930లో పూర్తయిన ఆ సొరంగం పొడవు 1.1 మైళ్ళు. కొండ లోపలి నుంచి తొలిచిన కిటికీల్లోంచి లోయ మెరుపులా కనిపించి మాయమవుతుంది. లోపల ఆగడం కుదరదు. పెద్ద ఆర్‌వీలకి, అంటే లోపలే పడకా వంటగదీ ఉండే బండ్లకి, సొరంగంలో ఆంక్షలున్నాయి, అద్దెకి తీసుకునేవాళ్ళు ముందే చూసుకోండి. నడక రానూపోనూ ఒక మైలే, 163 అడుగుల ఎక్కుడు, గంటలో అయిపోతుంది. ఖర్చు పెట్టిన శ్రమకి దొరికే దృశ్యం లెక్కేస్తే పార్క్‌లో మొదటి స్థానం దీనిదే. కానీ ఒకచోట కొండకి ఆనించి కట్టిన చెక్క వంతెన మీద నడవాలి, కొన్నిచోట్ల కంచె లేకుండా లోతు కనిపిస్తుంది. కళ్ళు తిరిగేవాళ్ళకి, చెయ్యి విడిపించుకుని పరిగెత్తే పిల్లలకి వద్దు. పార్కింగ్‌లో పట్టేవి కొద్ది కార్లే. తెల్లారేసరికి అక్కడ ఉండాలి, లేదంటే బ్రైస్ వెళ్ళేటప్పుడు దారిలో ఖాళీ దొరికితే ఆగాలి. దాని కోసమే రోజు ప్లాన్ చేసుకోవడం అనవసరమైన టెన్షన్.

ఫొటోల్లో కనిపించే రెండూ

ఏంజెల్స్ ల్యాండింగ్ 5.4 మైళ్ళు, దాదాపు పదిహేను వందల అడుగుల ఎక్కుడు. చివరి అర మైలు గొలుసులు పట్టుకుని, రెండువైపులా లోయ ఉన్న సన్నని రాతి అంచు మీద ఎక్కాలి. 2022 ఏప్రిల్ నుంచి దానికి పర్మిట్ తప్పనిసరి. లాటరీలో వస్తేనే. సీజన్‌కి ముందు ఒక లాటరీ, వెళ్ళే ముందురోజు ఇంకో లాటరీ ఉంటాయి. ఒకే అప్లికేషన్‌లో స్నేహితులంతా పేర్లు పెట్టుకోండి, విడివిడిగా వేస్తే కొందరికి వచ్చి కొందరికి రాదు. రాకపోయినా బాధపడాల్సింది లేదు. గొలుసులు మొదలయ్యే ముందున్న స్కౌట్ లుకౌట్ దాకా పర్మిట్ అక్కర్లేదు. వాల్టర్స్ విగిల్స్ అనే 21 మలుపుల దారి కూడా దాని ముందే వస్తుంది. నా మాట వినేవాళ్ళకి అక్కడి దాకా చాలు. కుటుంబంతో వచ్చినప్పుడు గొలుసుల జోలికి పోవద్దు. కింద కూర్చున్నవాళ్ళకి ఫోన్ సిగ్నల్ కూడా సరిగా ఉండదు, నాలుగు గంటలు వాళ్ళ గుండె చేతిలో ఉంటుంది.

నారోస్ అంటే రివర్‌సైడ్ వాక్ అయిపోయిన చోట దారి నదిలోకి దిగడం. ఆ తర్వాత నదే దారి. కింది నుంచి పైకి, బిగ్ స్ప్రింగ్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి పర్మిట్ అక్కర్లేదు. అంత దూరం వెళ్ళకపోయినా, అరగంట నడిచి వెనక్కి తిరిగినా అనుభవం దక్కుతుంది. కాళ్ళ కింద గుండ్రటి జారుడు రాళ్ళు, చన్నీళ్ళు. స్ప్రింగ్‌డేల్‌లో బూట్లు, చేతికర్ర అద్దెకి ఇస్తారు. చెప్పులతో, క్రాక్స్‌తో దిగడం మానుకోండి.

ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే నారోస్ మూసేస్తారు. శ్రీశైలం, సాగర్ గేట్ల వార్తల్లో లక్షల క్యూసెక్కులు విన్న మనకి 150 అంటే నవ్వొస్తుంది. కానీ అక్కడ కొన్నిచోట్ల గోడకీ గోడకీ మధ్య ఇరవై, ముప్పై అడుగులే. ఆ ఇరుకులో అది మనిషిని నిలవనివ్వదు. మంచు కరిగే రోజుల్లో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, అది మూసే ఉంటుందనుకుని ప్లాన్ వేసుకోండి. జూలై నడిమి నుంచి సెప్టెంబరు దాకా ఇంకో భయం, మెరుపు వరదలు. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే ఎక్కడో ఎగువన కురిసిన వాన ఇరుకులోకి గోడలా వచ్చేస్తుంది. 2015 సెప్టెంబరులో ఇదే పార్క్‌లోని కీహోల్ కాన్యన్‌లో అలాంటి వరదకి ఏడుగురు పోయారు. విజిటర్ సెంటర్‌లో ఆ రోజు వరద సూచన రాసి పెడతారు. వరద వచ్చే అవకాశం ఉందని రాసుంటే ఆ రోజుకి నారోస్ లేదనుకోండి. నదిలో విషపూరిత సయనోబ్యాక్టీరియా ఉంటోందని కూడా 2020 నుంచి పార్క్ హెచ్చరిస్తోంది. తల ముంచడం, ఆ నీళ్ళు ఫిల్టర్ చేసి తాగడం రెండూ వద్దు.

పెద్దవాళ్ళకి దీని రుచి చూపించాలంటే రివర్‌సైడ్ చివర మెట్ల దగ్గర కూర్చోబెట్టండి. నడుములోతు నీళ్ళలోంచి కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళని చూడటమే వాళ్ళకి సినిమా.

ఏ నెలలో

మనవాళ్ళ పేరెంట్స్ ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ నుంచి అక్టోబరు మధ్య. అందులో ఏప్రిల్ చివర, మే మొదట చాలా బాగుంటుంది. జలపాతాలు నిండుగా, ఎండ ఓర్చుకునేలా ఉంటాయి. నారోస్ ఒక్కటీ ఉండదు. జూన్, జూలై, ఆగస్టుల్లో లోయ అడుగున వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలే. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, ఇదెంత అనుకుంటారు. ఇక్కడి గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీళ్ళు మాత్రం అయిపోతాయి. అక్టోబరు చివర, నవంబరు మొదట నది పక్క కాటన్‌వుడ్ ఆకులు పసుపు రంగులోకి తిరుగుతాయి, నాకు వదులుకోబుద్ధి కాని వారాలు అవి. థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్‌లో బాగుంటుంది గానీ జనం. మొత్తం పార్క్‌కి ఏటా దాదాపు యాభై లక్షల మంది వస్తారు, అందులో ఎక్కువమంది ఈ ఒక్క లోయలోకే. చలికాలంలో సెలవుల వారాలు వదిలేస్తే సొంత కారు లోపలికి వెళ్తుంది, కానీ నీడపట్టున దారి మీద మంచు గడ్డకట్టి జారుతుంది.

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళుంటే టికెట్ లెక్క

కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. ఇది అందరికీ తెలిసిన లెక్క. కొత్తది ఏంటంటే, 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేని, పదహారేళ్ళు వచ్చినవాళ్ళకి పదకొండు పెద్ద పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇద్దరు పెద్దవాళ్ళతో మూడు పార్కులూ తిరిగితే అదనమే ఆరు వందలు. నాన్ రెసిడెంట్ల వార్షిక పాస్ 250 డాలర్లు. అది ఎంతమందికి వర్తిస్తుందో, మీకు ఏ గుర్తింపు కార్డు కావాలో పార్క్ సర్వీస్ సైట్‌లో చదివి కొనండి.

ఇది మీ ఎంపికనే మార్చేయొచ్చు. మూడు పార్కులు హడావిడిగా చూసే బదులు ఒక్క జయాన్‌లో రెండు రోజులు ఉండటం నాకు నచ్చే దారి. ఖర్చు తగ్గించుకోవాలంటే రెడ్ రాక్ కాన్యన్, నెవాడా రాష్ట్ర పార్క్ అయిన వ్యాలీ ఆఫ్ ఫైర్ ఈ జాబితాలో లేవు. వ్యాలీ ఆఫ్ ఫైర్ రాయి కూడా ఆ పాత ఇసుక దిబ్బలదే, ఎరుపులో ఏం తగ్గదు. వేసవిలో అక్కడ వేడికి చాలా దారులు మూసేస్తారు కాబట్టి చలికాలానికి పెట్టుకోండి.

సంచిలో, రోజులో

మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళని పార్క్ వాళ్ళు చెప్తారు. చిన్న నడకకి అంత మోయక్కర్లేదు, చాలా స్టాపుల్లో నింపుకోవచ్చు, ఖాళీ బాటిల్ మాత్రం మీదై ఉండాలి. నీళ్ళు ఒక్కటే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పడిపోయి తల తిరుగుతుంది. జంతికలో సకినాలో సంచిలో వేసుకోండి, ఎనర్జీ బార్ల కన్నా అమ్మానాన్నలు అవే తింటారు. టోపీ, రోజూ వేసుకునే మందులు, పట్టున్న బూట్లు. కొత్త బూట్లు ఆ రోజే మొదలుపెట్టకండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, పార్క్‌లో నిషేధం.

ఒక రాత్రి ఉండే కుటుంబానికి నేను వేసిచ్చే ప్లాన్ ఇదీ. చేరిన రోజు మధ్యాహ్నం బస్సులో చివరి స్టాప్‌కి వెళ్ళి రివర్‌సైడ్ వాక్, అందరూ కలిసి. తిరిగొచ్చేటప్పుడు లాడ్జ్ దగ్గర దిగి చెట్టు కింద టిఫిన్, ఓపిక ఉన్నవాళ్ళు దిగువ కొలను దాకా, మిగిలినవాళ్ళు పచ్చిక మీద. సాయంత్రం కాన్యన్ జంక్షన్‌లో దిగి పరూస్ మీదుగా కారు దగ్గరికి. మర్నాడు పొద్దున నడవగలిగేవాళ్ళు వాచ్‌మన్ ట్రెయిల్ ఎక్కి వస్తారు, అమ్మావాళ్ళు గదిలో కాఫీ తాగుతారు, పది లోపు బయల్దేరిపోవచ్చు. ఎండలు మండే నెలలైతే పరూస్ ఏడు తర్వాతే. చివరి బస్సు టైము నెలని బట్టి మారుతుంది, దిగిన ప్రతి స్టాప్‌లో బోర్డు మీద చూసుకోండి. అది తప్పితే చివరి స్టాప్ నుంచి విజిటర్ సెంటర్ దాకా ఏడెనిమిది మైళ్ళు, చీకట్లో.